అడ్రస్ ఎక్కడ మారింది?

(హన్మకొండలో ఒక ఆదివారం పొద్దున, ఇంజినీరింగ్ పిల్లలకు, చిన్న ఆఫీసుల్లో సర్వర్లు చూసుకునేటోళ్లకు చెప్పిన మాటలు. రికార్డింగ్ విని రాసింది. మాట్లాడిన తీరు మార్చలేదు.)

అందరికి నమస్తే. వెనక కూసున్నోళ్లకు వినపడుతున్నదా? సరే.

ముందు ఒక ప్రశ్న. మీలో ఎంతమందికి పుట్టిన జిల్లా పేరు, ఇప్పుడున్న జిల్లా పేరు ఒకటే? ఊరు మారనోళ్లే చేతులెత్తండి. చూసిన్రా, ఎంత తక్కువో. ఇల్లు కదలలేదు, బాయి కదలలేదు, అడ్రస్ మాత్రం రెండుసార్లు మారింది. 2016 అక్టోబర్ 11 నాడు పాత వరంగల్ జిల్లాను ముక్కలు చేసి వరంగల్ అర్బన్, వరంగల్ రూరల్, జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి అన్నరు. మళ్ల 2021 ఆగస్టులో అర్బన్‌ను హన్మకొండ చేసిన్రు, రూరల్‌ను వరంగల్ చేసిన్రు. అంటే ‘వరంగల్ జిల్లా’ అన్న మాట 2016కు ముందు ఒక జాగను చూపిస్తది, 2021 తర్వాత ఇంకో జాగను చూపిస్తది. నడుమ ఐదేండ్లు ఉత్త ‘వరంగల్’ అనే జిల్లానే లేదు.

రాజకీయం మాట్లాడుతలేను. ఇది నా సర్వర్ మీద పడ్డ దెబ్బ కథ. విత్తనాల దుకాణాల జాబితా, మార్కెట్ ధరలు జిల్లావారీగా పెట్టే ఒక సైటు ఉండేది. ఎవరిదో పేరెందుకు. దాని ముందు నిలబడి, వచ్చినోళ్లను లోపలికి పంపే ఎన్‌జినెక్స్ అనే వెబ్ సర్వర్‌ను చూసుకునుడు నా పని. జిల్లాలు మారిన రాత్రి ఒక రీరైట్ రూల్, అంటే వచ్చిన అడ్రస్‌ను మార్చే రూల్, రాసిన: అడ్రస్ ‘స్లాష్ వరంగల్’తో మొదలైతే ‘స్లాష్ వరంగల్ హైఫన్ అర్బన్’కు పంపు. రీలోడ్ కొట్టి పండుకున్న. తెల్లారి ఫోను. సైటు తెరుచుకుంటలేదు, రీడైరెక్టులు ఎక్కువైనయని బ్రౌజర్ మొత్తుకుంటున్నదని.

ఎందుకో చెప్పండి? ఆ, మొదటి వరుసలో ఎవరో అన్నరు. ‘వరంగల్-అర్బన్’ కూడా ‘వరంగల్’తోనే మొదలైతది! రూల్ తను పంపిన మనిషినే మళ్ల పట్టుకుంటది, మళ్ల పంపుతది. క్రోమ్ 20 సార్లు తిరిగి చేతులెత్తేస్తది. కమాండ్‌తోని అడ్రస్ అడిగే కర్ల్ అనే పనిముట్టుకు వెంబడి పొమ్మని చెప్తే 50 దాక ఓపిక పడుతది. నేను రెజెక్స్, అంటే అడ్రస్‌ను పోల్చి చూసే నమూనా, చివర డాలర్ గుర్తు పెట్టిన, అంటే ‘ఇక్కడితో అయిపోవాలె’ అని. లూప్ తెగింది. మర్చిపోయిన.

అసలు కథ 2021ది. పేర్లు మళ్ల మారినయి. ఈసారి తెలివి వచ్చింది కదా, డాలర్ గుర్తులు ముందే పెట్టి రెండు రూల్స్ రాసిన. అర్బన్ వస్తే హన్మకొండకు. రూరల్ వస్తే వరంగల్‌కు. రెండు రోజులకు రూరల్ దిక్కు నర్సంపేట నుంచి ఒక దుకాణపాయన ఫోన్ చేసి, ‘సార్, మా పేజీ నొక్కితే హన్మకొండ దుకాణాలు వస్తున్నయి’ అన్నడు. లూప్ లేదు, ఎర్రర్ లేదు, లాగ్‌లో రీడైరెక్టులు దాటినంక చివరికి అన్నీ 200లే, అంటే ‘పేజీ దొరికింది’ అని. పేజీ మంచిగనే తెరుచుకుంటున్నది. కాకపోతే వేరే పేజీ.

రూల్స్ ముందర పెట్టుకొని రెండు గంటలు చూసిన. ఒక్కొక్కటి చూస్తే తప్పు లేదు. రూరల్ అంటే వరంగల్, నిజమే. అర్బన్ అంటే హన్మకొండ, అదీ నిజమే. ఇంకో ఫైల్‌లో 2016 నాటి పాత రూల్ బతికే ఉన్నది: వరంగల్ అంటే అర్బన్. అది రాసిననాడు అదీ నిజమే. మూడు నిజాలు కలిసి నర్సంపేట రైతును హన్మకొండకు తోలినయి. రూరల్ నుంచి వరంగల్, వరంగల్ నుంచి అర్బన్, అర్బన్ నుంచి హన్మకొండ.

అప్పటి నుంచి నేను రూల్ చదువుడుతోని మొదలుపెట్టను. ముందు అడ్రస్ వెంట నడుస్త. అది ఏ చౌరస్తాలో మలిగిందో దొరికినంకనే ఫైల్ తెరుస్త. ఇయ్యాల నేను చెప్పేదంతా ఆ నడక గురించే.

నడకకు కర్ల్ చాలు. కాని వెంబడి పొమ్మనే పెద్ద ఎల్ ఆప్షన్ పెట్టకండి. అది నడుమ ఊర్లన్నీ దాటేసి చివరి స్టేషన్‌లో దింపుతది, మనకు కావాల్సింది నడుమ ఊర్లు. ఒక అడ్రస్ కొట్టండి, జవాబులో లొకేషన్ హెడర్, అంటే ఎక్కడికి పొమ్మన్నదో చెప్పే లైను, చూడండి, దాన్ని చేత్తో కాపీ చేసి మళ్ల కొట్టండి. ఇంకోటి, హెడర్లు మాత్రమే చూపించే పెద్ద ఐ ఆప్షన్ అందరూ వాడుతరు. అది పేజీని అడిగే గెట్ కాదు, హెడర్లనే అడిగే హెడ్ అనే వేరే రిక్వెస్ట్ పంపుతది. కొన్ని అప్లికేషన్లు హెడ్‌కు ఒక తీరు, గెట్‌కు ఒక తీరు జవాబిస్తయి. అందుకని గెట్ పంపి, బాడీ, అంటే పేజీ సరుకు, పారేసి, హెడర్లు ఉంచుకోవాలె. స్క్రీన్ మీద ఉన్నది ఆ కమాండ్, ఫోటో తీసుకోండి.

బ్రౌజర్‌తోని ఎందుకు వెతకొద్దంటే, నర్సంపేట కథ అక్కడితో అయిపోలేదు. పాత రూల్ తీసేసిన, కర్ల్‌తోని చూసిన, శుభ్రం. ఆయనకు ఫోన్ చేస్తే ‘గదే హన్మకొండ సార్’ అంటడు. 2016లో నేను ఇచ్చింది 301, అంటే శాశ్వతం. శాశ్వతం అన్నంక బ్రౌజర్ ఆ మాటను దాచుకుంటది, మళ్ల వచ్చి సర్వర్‌ను అడగదు. అడగనోడికి నేను తప్పు దిద్దుకున్న సంగతి ఎట్ల తెలుస్తది? చివరికి కొత్త దారి వేసిన, ‘స్లాష్ జిల్లా స్లాష్ వరంగల్’ అని. సైటులో లింకులన్నీ దానికి మార్చిన. ఇప్పుడు ఏ రీడైరెక్ట్ అయినా కొన్ని రోజులు 302, అంటే తాత్కాలికం, ఇచ్చి చూసుకున్నంకనే 301 చేస్త. ఫారాలు పంపే పేజీలైతే 307, 308 గుర్తు పెట్టుకోండి. 301, 302 ఇస్తే బ్రౌజర్ ఫారం పంపే పోస్ట్ రిక్వెస్ట్‌ను గెట్ చేసి, నింపిన ఫారం మొత్తం గంగలో కలుపుతది.

ఇంత దాక చెప్పింది మనిషిని వేరే అడ్రస్‌కు పొమ్మనుడు. రివర్స్ ప్రాక్సీ అసలు పని అది కాదు. ఎనుమాముల మార్కెట్‌కు పోయినోళ్లున్నరా? రైతు మిర్చి బస్తాలు తెచ్చి అడ్తిదారు దగ్గర దింపుతడు. వెనక కొనేటోడు ఎవరో, ఏ గోదాముకు పోతదో రైతుకు తెల్వదు, తెల్వనవసరం లేదు. రైతుకు అడ్తిదారు మొహమే మార్కెట్ మొహం. ఎన్‌జినెక్స్ ఆ అడ్తిదారు. వెనక 8080 పోర్ట్ మీద ధరల అప్లికేషన్, 9000 మీద ఇంకోటి, ఎన్నన్న ఉండనీ, బయటోళ్లకు ఒక్కటే గుమ్మం.

ఇప్పుడు గొడవ ఎక్కడొస్తదంటే, అడ్తిదారు బస్తా మీద గుర్తు మార్చి లోపలికి పంపుతడు. ఎన్‌జినెక్స్‌లో ఆ గుర్తు మార్చే పని చేసేది చాలాసార్లు రీరైట్ కూడా కాదు, లోపల ఎవరికి పంపాలెనో చెప్పే ప్రాక్సీ పాస్ లైన్ చివర ఉండే స్లాష్. ఈ ఒక్క గీత మీద నేను గడిపిన రాత్రులు లెక్కపెడితే సిగ్గైతది, కాబట్టి ఇక్కడ జర నిదానంగా పోదాం.

ఎన్‌జినెక్స్ కాన్ఫిగ్‌లో లొకేషన్ అని ఒక బ్లాకు ఉంటది, ఏ అడ్రస్‌లను పట్టుకోవాలెనో చెప్పేది; ఇందాకటి లొకేషన్ హెడర్ వేరు. ఆ లొకేషన్ ‘స్లాష్ ధరలు స్లాష్’ అనుకోండి. బయట నుంచి ‘స్లాష్ ధరలు స్లాష్ చపాటా’ వచ్చింది, చపాటా అంటే మిర్చి రకం. ప్రాక్సీ పాస్‌లో పోర్ట్ నంబర్‌తో ఆపేస్తే, స్లాష్ లేకుంటే, అడ్రస్ వచ్చింది వచ్చినట్టే వెనక్కు పోతది: ధరలు, చపాటా రెండూ. పోర్ట్ తర్వాత ఒక్క స్లాష్ పెడితే, లొకేషన్‌తోని కలిసిన ముక్క మొత్తం కోసేసి, ఆ జాగలో స్లాష్ అతికిస్తది. వెనకకు ‘స్లాష్ చపాటా’ ఒక్కటే చేరుతది. రెండూ సరైనవే. వెనక అప్లికేషన్‌కు ఏది కావాలెనో మనకు తెల్వాలె, అంతే.

తప్పులు ఎట్లొస్తయంటే, ఒక దిక్కు స్లాష్ పెట్టి ఇంకో దిక్కు మరుస్తం. లొకేషన్ చివర స్లాష్ లేదు, ప్రాక్సీ పాస్ చివర ఉన్నది. అప్పుడు వెనకకు ‘స్లాష్ స్లాష్ చపాటా’ పోతది, రెండు గీతలు. కొన్ని అప్లికేషన్లు సర్దుకుంటయి, కొన్ని 404 అంటయి. ఉల్టా చేయండి: లొకేషన్ చివర ఉన్నది, ప్రాక్సీ పాస్ చివర ‘స్లాష్ వీ1’ అని రాసి ఆపేసిన్రు. వెనకకు పోయేది ‘స్లాష్ వీ1చపాటా’. రెండు మాటలు అతుక్కపోయినయి. నేను చెప్పేది కోసుడు, అతికించుడు అంతే. దీంట్లో మంత్రం లేదు, ఎన్‌జినెక్స్‌కు అది ఫోల్డరా కాదా అన్న తెలివి లేదు, అక్షరాలు కొలిచి కోస్తది.

ఇంకో రెండు మెలికలు. లొకేషన్‌ను రెజెక్స్‌తోని రాస్తే ప్రాక్సీ పాస్‌లో ఆ వెనక ముక్క పెట్టనియ్యదు, ఎంత కోయాలెనో దానికి తెల్వదు కదా. కాన్ఫిగ్ టెస్ట్‌లోనే తిడుతది, అది మంచిదే. రెండోది తిట్టదు, అందుకే ప్రమాదం. లొకేషన్ లోపల రీరైట్ రాసి బ్రేక్ అని పెడితే, ప్రాక్సీ పాస్ చివర మీరు రాసిన ముక్కను పట్టించుకోదు. రీరైట్ చేసిన అడ్రస్ మొత్తంగా వెనకకు పోతది. ‘స్లాష్ పెట్టిన కదా, ఎందుకు పని చేస్తలేదు’ అని తల కొట్టుకునేటోళ్లలో సగం మంది జబ్బు ఇదే. నా మాట వింటే, ఒక లొకేషన్‌లో రీరైట్‌తోనన్న కోయండి, స్లాష్‌తోనన్న కోయండి, రెండు కత్తెర్లు పెట్టకండి.

లాస్ట్, బ్రేక్ తేడా ఒక్క మాటలో చెప్త. లాస్ట్ అంటే, మారిన అడ్రస్ పట్టుకొని మళ్ల గుమ్మం దగ్గరికి పో, ఏ లొకేషన్ పట్టుకుంటదో మళ్ల చూడు. బ్రేక్ అంటే, ఇక్కడనే ఉండు, ఇంక మార్చకు. లొకేషన్ లోపల లాస్ట్ రాసి, మారిన అడ్రస్ కూడా అదే లొకేషన్‌లో పడితే లోపలనే గిరగిర తిరుగుతది. 10 సార్లు తిరిగినంక ఎన్‌జినెక్స్ 500 ఇస్తది. బయటి లూప్ బ్రౌజర్‌లో కనపడుతది, ఈ లోపలి లూప్ ఎర్రర్ లాగ్‌లోనే కనపడుతది.

లాగ్ అన్న కదా. రీరైట్ లాగ్ ఆన్ చేసి, ఎర్రర్ లాగ్ లెవెల్‌ను నోటీస్‌కు దించండి. ఏ రెజెక్స్ కలిసింది, అడ్రస్ ఏమైంది అని లైను లైను రాస్తది. నోటీస్‌కు దించకుండా రీరైట్ లాగ్ ఒక్కటే ఆన్ చేసి ‘ఏం రాస్తలేదు’ అంటే అది మీ తప్పే. యాక్సెస్ లాగ్ ఫార్మాట్‌లో కూడా నాలుగు మాటలు చేర్చుకోండి: రిక్వెస్ట్ యూఆర్ఐ, అది వచ్చిన రూపం. ఉత్త యూఆర్ఐ, అది మనం పిసికినంక రూపం. అప్‌స్ట్రీమ్ అడ్రస్, ఎవరికి పంపినమో. వెనక్కు పోయిన లొకేషన్ హెడర్. ఈ నాలుగూ ఒక లైన్‌లో పక్కపక్కన ఉంటే సగం కేసులు కూసున్న కాడనే తేలిపోతయి.

కాని జాగ్రత్త, ప్రాక్సీ పాస్ స్లాష్ కోసిన ముక్క ఆ యూఆర్ఐలో కనపడదు. ఆ కోత పంపే క్షణంలో జరుగుతది. అది చూడాలంటే గోదాము లోపల నిలబడాలె. అసలు అప్లికేషన్ ఆపి, అదే 8080 మీద పైథాన్‌తో వచ్చే చిన్న సర్వర్ నడపండి, ఒక్క కమాండ్. ఏ దారి అడిగిన్రో టెర్మినల్‌లో అచ్చు పడుతది. అక్కడ ‘స్లాష్ స్లాష్ చపాటా’ కనపడ్డదా, అయిపోయింది, దొంగ దొరికిండు. లైవ్ సర్వర్ ఆపలేకుంటే ఇంకో పోర్ట్ మీద నడిపి, ఒక టెస్ట్ లొకేషన్‌ను దానికి తిప్పండి. ఏ లొకేషన్ పట్టుకుంటున్నదో అనుమానముంటే, దాంట్లో తాత్కాలికంగా ‘రిటర్న్ 200’ అని రాసి ఏదన్న ఒక మాట పెట్టండి, ‘నేను ధరల బ్లాకును’ అని. అది వస్తే అదే, రాకుంటే వేరేది. ఇది మోటు పద్ధతి. నాకు దీనికంటే ఇష్టమైన పద్ధతి లేదు.

404 వచ్చిందంటే ఎవరి 404 అన్నది ముందు అడగాలె. ఎన్‌జినెక్స్ తెల్ల పేజీనా, అప్లికేషన్ రంగుల పేజీనా? అప్లికేషన్‌దైతే బస్తా గోదాము దాక చేరినట్టే, గుర్తు తప్పు. 502 వచ్చిందంటే రీరైట్‌ను పట్టుకొని వేలాడకండి, చాలామట్టుకు వెనక అప్లికేషన్ పడిపోయి ఉంటది.

ఇంక తిరుగు ప్రయాణం. అడ్తిదారు లెక్కకే వద్దాం. సరుకు కొన్నోడు తక్‌పట్టీ, అంటే అమ్మకం చీటీ, మీద తన గోదాము అడ్రస్ రాసి పంపిండు, అడ్తిదారు చూడకుండా రైతు చేతిలో పెట్టిండు. రైతు ఆ గోదాము వెతుక్కుంట పోతడు, గేటు కాడ వాచ్‌మన్ ఆపుతడు. మన దగ్గర అదేందంటే, లాగిన్ నొక్కంగనే బ్రౌజర్ 127.0.0.1, 8080 అని వెతుకుడు. వెనక అప్లికేషన్ ఇచ్చిన లొకేషన్ హెడర్‌లో దాని లోపలి అడ్రస్ ఉన్నది. ఎన్‌జినెక్స్‌లో ప్రాక్సీ రీడైరెక్ట్ దాన్ని సరిచేస్తది, మామూలుగా ఆన్‌లోనే ఉంటది. కాని అది ప్రాక్సీ పాస్‌లో రాసిన అడ్రస్‌తోని అక్షరం అక్షరం కలిస్తేనే మారుస్తది. ఇక్కడ 127.0.0.1 రాసి, అప్లికేషన్ లోకల్‌హోస్ట్ అని జవాబిస్తే, రెండూ ఒక్కటే అని మనకు తెలుసు, దానికి తెల్వదు. మొదటి నుంచే హోస్ట్ హెడర్‌లో బయటి పేరు పంపితే చాలా అప్లికేషన్లు సక్కగ బయటి పేరుతోనే జవాబిస్తయి. మనం ఏం చెప్పకుంటే ఎన్‌జినెక్స్ పంపేది ప్రాక్సీ పాస్‌లో రాసిన లోపలి పేరే.

హెచ్‌టీటీపీఎస్ లూప్ కూడా దీని చుట్టమే. తాళం, అంటే హెచ్‌టీటీపీఎస్ ఎన్‌క్రిప్షన్, గుమ్మం దగ్గరనే తీస్తం, లోపలికి ఉత్త హెచ్‌టీటీపీ పోతది. లోపల అప్లికేషన్ ‘తాళం లేకుండ వచ్చినవ్, పోయి తాళంతో రా’ అంటది. బ్రౌజర్ మళ్ల తాళంతోనే వస్తది, మళ్ల గుమ్మం దగ్గర తీస్తం. తెల్లార్లు అదే. ఎక్స్ ఫార్వర్డెడ్ ప్రోటో అనే హెడర్‌లో ‘బయట నుంచి తాళంతోనే వచ్చిండు’ అని చీటీ పెట్టాలె. పెట్టుడొక్కటే కాదు, ఆ చీటీని నమ్మమని అప్లికేషన్ సెట్టింగ్స్‌లో కూడా చెప్పాలె. ఈ రెండో సగం అందరూ మరుస్తరు.

ఇంకోటి గుర్తొచ్చింది. డెబియన్, ఉబుంటులో సైట్స్ ఎనేబుల్డ్ ఫోల్డర్‌లో ఉన్న ప్రతి ఫైల్‌ను చదువుతది. పేరు చివర ‘పాతది’ అని పెట్టినా చదువుతది. భద్రంగ ఉంటదని బ్యాకప్ అక్కడనే పెట్టుకుంటరు, అది మీ కొత్త రూల్‌తో కొట్లాడుతుంటది. ఎన్‌జినెక్స్ కమాండ్‌కు చిన్న టీ ఆప్షన్ ఇస్తే కాన్ఫిగ్‌ను టెస్ట్ చేస్తది. పెద్ద టీ చదివిన కాన్ఫిగ్ మొత్తం, అన్ని ఫైళ్లు కలిపి, అచ్చేస్తది. నా 2016 రూల్ నాకు దొరికింది ఆ పెద్ద టీతోనే.

ప్రశ్నలడగండి.

(ఒక అమ్మాయి: అడ్రస్‌లో తెలుగు అక్షరాలు పెడితే రూల్స్ పని చేస్తయా సార్?)

మంచిగ అడిగినవమ్మా. చేస్తయి, కాని ఏం జరుగుతదో తెల్వాలె. ‘వరంగల్’ అని తెలుగులో రాస్తే కంప్యూటర్ లెక్కలో ఆరు గుర్తులు: వ, ర, సున్న, గ, ల, పొల్లు. యూటీఎఫ్-8లో తెలుగు గుర్తు ఒక్కోటి 3 బైట్లు, మొత్తం 18. అడ్రస్‌లో ఒక్కో బైట్ పర్సెంట్ గుర్తుతో కలిపి మూడు అక్షరాలైతది, అంటే 54. వాట్సాప్‌లో లింక్ పెడితే ఒక్కోసారి పర్సెంట్ల దండలెక్క కనపడేది అదే. ఎన్‌జినెక్స్ ఈ దండను విప్పి, విప్పిన రూపంతోని లొకేషన్‌ను, రీరైట్‌ను కలిపి చూస్తది. కాబట్టి రూల్‌లో పర్సెంట్లు రాస్తే కలవదు, తెలుగే రాయాలె. ‘చిన్న ఏ నుంచి జెడ్ దాక, అంకెలు, హైఫన్’ అని రాసుకున్న రెజెక్స్ తెలుగు అక్షరాన్ని అసలే పట్టదు. ఇంకో దొంగ ఉన్నడు, కంటికి కనపడడు. కొన్ని కీబోర్డులు పొల్లు తర్వాత జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే గుర్తు పెడ్తయి. చూస్తే రెండు పదాలు ఒకటే, బైట్లలో వేరు, ఒకటి తెరుచుకుంటది, ఒకటి 404.

మన ఊరి పేరే చూడండి. హన్మకొండ, హనుమకొండ. ఇంగ్లిష్‌లో కూడా రెండు మూడు తీర్లు. ఇసొంటి వాటికి రెజెక్స్ రాయకండి. ఎన్‌జినెక్స్‌లో మ్యాప్ అని ఉన్నది, ఎడమ దిక్కు పాత పేరు, కుడి దిక్కు కొత్త పేరు, పట్టికలెక్క. మొత్తం పేరు కలిస్తేనే కలిసినట్టు. రెజెక్స్ లేకుండ రాస్తే ఏది ముందు ఏది వెనక అన్న పంచాయితే లేదు. నేను 2016లో మ్యాప్ రాసి ఉంటే ఆ రాత్రి లూప్ వచ్చేదే కాదు.

(వెనక నుంచి: మా ఆఫీసులో అపాచీ ఉన్నది సార్.)

అపాచీ కూడా ఎన్‌జినెక్స్ లెక్క వెబ్ సర్వరే. దాంట్లో అడ్రస్‌లు మార్చే మాడ్ రీరైట్ పెద్దమనిషి, 1996లో రాల్ఫ్ ఎంగెల్‌షాల్ రాసిండు. ఎన్‌జినెక్స్ బయటికొచ్చిందే 2004లో. అపాచీ 2.4 నుంచి పాత రీరైట్ లాగ్ లైన్ లేదు, తీసేసిన్రు. లాగ్ లెవెల్‌లోనే రీరైట్‌కు ట్రేస్ 3 అని పెట్టాలె, అది మస్తు మాట్లాడుతది, పని కాంగనే తగ్గించండి. ఫోల్డర్‌లో పెట్టే హెచ్‌టీయాక్సెస్ అనే సెట్టింగ్స్ ఫైల్‌లో రాసే రూల్‌కు అడ్రస్ ముందటి స్లాష్ తీసేసి ఇస్తది. మెయిన్ కాన్ఫిగ్‌లో నడిచిన రూల్‌ను అక్కడ పెడితే నడవకపోవుడు దాంతోనే. తక్‌పట్టీ దిద్దే పనికి ప్రాక్సీ పాస్ రివర్స్ ఉన్నది, అది హెడర్లనే దిద్దుతది. పేజీ లోపల రాసి ఉన్న లింకులను ముట్టదు.

(ఒక అబ్బాయి: 2016 రూల్ ఎవరికీ ఎందుకు కనపడలేదు సార్? కామెంట్ రాయలేదా?)

లేదు తమ్మీ. తేదీ లేదు, కారణం లేదు, ఎవరు రాసిన్రో లేదు. రాసినోడిని అరగంట సేపు తిట్టుకున్న, తర్వాత యాదికొచ్చింది, రాసింది నేనే. (నవ్వులు) ఎవరి ల్యాప్‌టాప్‌లోనన్న ఎక్కడో ఆగిపోయిన కాన్ఫిగ్ ఉంటే తెరవండి. ప్రొజెక్టర్ వైరు ఇటియ్యి, ఇక్కడనే పెద్ద టీ కొట్టి చూద్దాం.